ఎనిమిది ఇరుసుల వంతెన

ఆ సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి మా ప్రత్యేకాధికారి గారు నా టేబుల్ మీద పెట్టి ఉంచిన కాగితంలో నేను చేయవలసిన పనులు ఇవి:

మల్లెవాగు వంతెనకు నంబరు ప్లేట్లు రెండు చేయించాలి. ముందుకొకటి, వెనకకొకటి. (వంతెనకు ముందు ఏదో, వెనక ఏదో ఇంజనీర్లను అడిగి తేల్చాలి.)
వంతెనకు కాలుష్య పరీక్ష చేయించాలి.
వంతెనకు హారన్ బిగించాలి.
వంతెన వెనక భాగాన ఎర్ర రంగుతో ‘దూరం పాటించండి’ అని రాయించాలి.
వంతెన డ్రైవరుకు ఖాకీ బట్టలు కుట్టించాలి.
నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, నల్లదారం తేవాలి.

ఈ పనులన్నీ నేను చేశాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు, సర్కారు కొలువులో చేరింది కూడా నేనే మొదలు. చెప్పిన పని చెప్పినట్టు చేయాలని మా అమ్మ చెప్పి పంపింది. అయితే ఆ సాయంత్రం, "ఇయ్యాల ఆఫీసుల ఏం పని జేసినవ్ బిడ్డా?" అని అమ్మ అడిగితే, "వంతెనకు పొగ పరీక్ష చేయించిననే" అన్నాను. అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

అందుకని మొదటి నుంచీ చెప్పడం మంచిది.

ఇరుసు అంటే రెండు పక్కల చక్రాలను కలిపే కడ్డీ. ఎడ్లబండికి ఒకటుంటుంది. ఆరు టైర్ల లారీకి రెండు, పది టైర్ల టిప్పరుకు మూడు, పన్నెండు టైర్ల టిప్పరుకు నాలుగు. ఇరుసులు ఎక్కువైతే బరువు ఎక్కువ చక్రాల మీదికి పంపిణీ అవుతుంది, రోడ్డుకు దెబ్బ తగ్గుతుంది. అందువల్ల బండి బరువు, సరుకు బరువు కలిపి రెండు ఇరుసులకు సుమారు పద్దెనిమిది టన్నులు, మూడింటికి ఇరవై ఎనిమిది, నాలుగింటికి ముప్పై ఐదు అని అనుమతి ఇస్తారు. ఇది మంచి నియమం. మంచి నియమం చేతికి దొరికితే మా ఆఫీసు ఊరుకోదు.

మా ఆఫీసు పేరు ఖనిజ రవాణా ఇరుసుల విభాగం. నల్లగుట్ట మీద తవ్విన రాయి, కంకర టిప్పర్లలో కిందికి వచ్చి, మల్లెవాగు వంతెన దాటి పెద్ద రోడ్డు ఎక్కుతాయి. ఆ వంతెన ఎప్పుడో బస్సు కోసం కట్టింది. అవతల, గుట్ట వైపు, ఎడ్లవాడ, ఇంకో మూడు ఊళ్లు ఉన్నాయి. బడికైనా ఆసుపత్రికైనా అదే దారి. మూడు ఇరుసుల టిప్పర్లు ఐదు ఇరుసుల బరువు వేసుకుని దాని మీద తిరుగుతుంటే వంతెన నెర్రెలు బాసింది. ఎడ్లవాడ సర్పంచు లచ్చవ్వ దరఖాస్తు పట్టుకుని వచ్చింది.

"సారూ, బరువన్న తగ్గియ్యుర్రి, కొత్త బిర్జన్న కట్టుర్రి. పోరగాండ్ల బస్సు దాని మీద పోతుంటే పానం గుబగుబ అంటున్నది."

మా ప్రత్యేకాధికారి మురహరిరావు గారు దరఖాస్తును రెండుసార్లు చదివారు. ఆయన దేన్నైనా రెండుసార్లు చదువుతారు. మొదటిసారి విషయం కోసం, రెండోసారి ఆ విషయం మన పరిధిలోకి రాకుండా ఎలా చూడాలా అని.

"చూడమ్మా, వంతెన కట్టడం మా పరిధి కాదు. బరువు తగ్గించడం రాష్ట్ర ప్రగతికి ఆటంకం. ఇక మిగిలింది ఇరుసు. అధిక బరువు అనేది బరువులో ఉన్న దోషం కాదు, ఇరుసులలో ఉన్న కొరత. కొరతను భర్తీ చేయడమే పరిపాలన."

లచ్చవ్వ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

ఆ వారమే సర్క్యులర్ వెళ్లింది. నేనే టైపు చేశాను. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, బరువు మోయు ప్రతి వాహనము, యంత్రము, నిర్మాణము యొక్క సామర్థ్యము దానికి గల ఇరుసుల సంఖ్యను బట్టియే నిర్ణయింపబడును. ఇరుసులు లేనివాటి సామర్థ్యము శూన్యముగా పరిగణింపబడును.’

"సార్, నిర్మాణం అంటే ఇళ్లు, గోడలు కూడా వస్తాయేమో" అన్నాను.

"రానీ. నియమం విశాలంగా ఉండాలి. ఇరుకు నియమాలు రాసిన ఆఫీసులు ఎత్తేశారు" అన్నారాయన.

సర్క్యులర్ అందిన మర్నాడే టిప్పర్ల సంఘం అధ్యక్షుడు కేశన్న తన పది టైర్ల టిప్పరును మా చెక్‌పోస్టు ముందు ఆపించాడు. టిప్పరు నిండా రాయి ఉంది. రాయి మీద పాత లారీలవి తుక్కు ఇరుసులు రెండు, మోకుతో కట్టి ఉన్నాయి.

"ఐదు ఇరుసులు సార్. లెక్కవెట్టుకోండ్రి" అన్నాడు కేశన్న.

"ఇరుసు కింద ఉండాలి గదన్నా" అన్నాడు చెక్‌పోస్టు ఇన్‌స్పెక్టరు.

"సర్క్యులర్ల కింద అని ఏడుంది? ఇరుసులు ‘గల’ అని ఉంది. నా బండికి గలవు."

ఇన్‌స్పెక్టరు మురహరిరావు గారికి ఫోన్ చేశాడు. ఆయన సర్క్యులర్ తెప్పించుకుని రెండుసార్లు చదివి, "సాంకేతికంగా ఆయన చెప్పింది నిజమే" అన్నారు. పైన కట్టిన ఇరుసు కూడా కొంత బరువుంటుంది కదా అని నేను అనుమానపడితే, "అది మోసే బరువు కన్నా తెచ్చే అనుమతి ఎక్కువ. ఇరుసు ఎప్పుడూ నష్టం చేయదు" అన్నారు.

నెల తిరిగేసరికి మా పరిధిలో అధిక బరువు కేసు ఒక్కటీ లేకుండా పోయింది. ఒకడు టిప్పరు నిండా ఒట్టి ఇరుసులే వేసుకుని వచ్చాడు. దానికి అనుమతి ఎన్ని టన్నులో లెక్క కట్టేసరికి ఇన్‌స్పెక్టరుకు మధ్యాహ్నమైంది. ఆ డ్రైవరు సంతోషంగా వెనక్కి పోయి వాటి మీద కంకర గుట్టలా పోయించుకుని వచ్చాడు. పై ఆఫీసు నుంచి మాకు ప్రశంసాపత్రం వచ్చింది.

ప్రశంసాపత్రంతో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. సర్క్యులర్‌ను ముందు మన ఆఫీసులో అమలు చేసి చూపాలన్నారు. ఫైళ్ల బీరువాకు ఇరుసులు లేవు, సామర్థ్యం సున్నా. అటెండరు ఫైళ్లన్నీ దించి నేల మీద పెట్టాడు. బెంచీలు, కుర్చీలు వరండాలోకి పోయాయి. మురహరిరావు గారి తిరుగుడు కుర్చీకి కింద చక్రాలున్నాయి కాబట్టి ఆయన కూర్చున్నారు. మేం మిగతా వాళ్లం వారం పాటు నిలబడి పని చేశాం. నేలకు ఇరుసులున్నాయా అని ఎవరూ అడగలేదు. అడిగితే ఎక్కడ నిలబడాలో తెలియక.

ఆ తర్వాత ఆడిట్ వచ్చింది. ఆడిటర్లు మంచివాళ్లు. రాసింది రాసినట్టు చదువుతారు. వాళ్లు తేల్చింది ఒక్కటే: మల్లెవాగు వంతెన బరువు మోస్తున్న నిర్మాణం. దానికి ఇరుసులు సున్నా. కనుక సామర్థ్యం సున్నా. సున్నా మీద ముప్పై ఐదు టన్నుల టిప్పర్లు ఎలా తిరుగుతున్నాయో సంజాయిషీ చెప్పాలి.

సంగతి తెలిసి లచ్చవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

"సున్నా అని తేలింది గద సారూ. మరి టిప్పర్లు బంద్ వెట్టుర్రి."

"బంద్ పెడితే ఇన్నాళ్లూ తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుంది. సానుకూలంగా ఆలోచించాలమ్మా. వంతెనకు ఇరుసులు లేవు. బిగిస్తే ఉంటాయి."

"బిర్జికి ఇరుసులా?"

"ఎనిమిది."

లచ్చవ్వ వేళ్ల మీద ఎనిమిది లెక్కపెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "సారూ, నాకొక బర్రె ఉంది. దానికి ఇంకో నాలుగు కాళ్లు కట్టిస్తే పాలు ఎక్కువిస్తదా?"

"పశుసంవర్ధక శాఖను అడగండి" అన్నారు మురహరిరావు గారు.

ఇరుసులు కేశన్న ఇచ్చాడు. టిప్పర్ల మీద కట్టగా మిగిలిన తుక్కు భారం తనకు తగ్గుతుంది కదా. వంతెన దూలాలకు కింది నుంచి రంధ్రాలు కొట్టి, బోల్టులు దిగ్గొట్టి, చక్రాలతో సహా ఎనిమిది ఇరుసులు వేలాడదీశారు. పాత సిమెంటు కదా, పెచ్చులు ఊడి వాగులో పడ్డాయి. వంతెన ఎనిమిది ఇరుసుల బరువును కొత్తగా మోస్తోందనే మాట ఎవరి లెక్కలోనూ రాలేదు. ఇరుసు ఎప్పుడూ నష్టం చేయదు. మా లెక్క ప్రకారం ఆ రోజు నుంచి మల్లెవాగు వంతెన సామర్థ్యం దాదాపు డెబ్బై టన్నులు. అంటే నిండు టిప్పర్లు రెండు ఒకేసారి పోవచ్చు.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆచారం. ఈ చక్రాలు నీళ్ల పైన గాలిలో ఉన్నాయి. అందుకని నిమ్మకాయలను నల్లదారంతో టైర్లకే కట్టాం.

అయితే ప్రారంభోత్సవానికి ముందే ఒక సంగతి తేలింది: ఇరుసులూ చక్రాలూ ఉన్నది వాహనం. రిజిస్ట్రేషన్ లేకుండా వాహనం రోడ్డు మీద ఉండటం నేరం. పైన చెప్పిన సోమవారం పనులు అక్కడి నుంచి పుట్టాయి. ముందు ఏది, వెనక ఏది అని అడిగితే ఇంజనీరు, "అది ఎటు పోతుంది?" అన్నాడు. "ఎటూ పోదు సార్" అన్నాను. గుట్ట వైపు ముందు అనుకోమన్నాడు. కాలుష్య పరీక్ష చేసే అబ్బాయి గొట్టం ఎక్కడ పెట్టాలో తెలియక వంతెన చుట్టూ తిరిగి, పొగ సున్నా అని రాసిచ్చాడు. అంత శుభ్రమైన బండి తన జన్మలో చూడలేదన్నాడు.

ఇక డ్రైవరు. డ్రైవరు లేని వాహనం రోడ్డు మీద నిలిపి ఉంచకూడదు కదా.

మా ఆఫీసు జీపు తుక్కుకు పోయాక డ్రైవరు కొంకటి ఓదెలు పని లేకుండా ఉన్నాడు. నేను ఆయన్ను కాకా అంటాను. సర్వీసు మొత్తంలో ఒక్క ప్రమాదం లేదు. "కోడిని గూడ తొక్కలే బిడ్డా" అని ఎవరు విన్నా వినకపోయినా చెబుతుంటాడు. ఆ వానాకాలం దాటితే రిటైరు. మచ్చ లేని సర్వీసు అని రాసిస్తే పింఛను సాఫీగా వస్తుంది. ఆ తర్వాత తన లైసెన్సు మీదే ఎడ్లవాడ బడిపిల్లల వ్యాను నడుపుకోవాలని ఆయన ఆశ. ఆయన ఊరు కూడా ఎడ్లవాడే.

ఆర్డరు చేతిలో పెడితే కాకా చాలాసేపు చూశాడు.

"బిడ్డా, స్టీరింగ్ ఏది?"

"జీపుది ఉంది గద కాకా, అది పెట్టిస్తున్నం."

"దేనికి కలుపుతరు?"

"పైపుకు."

"పైపు దేనికుంటది?"

"రెయిలింగుకు వెల్డింగ్ చేస్తరు."

కాకా తల ఊపాడు. "సరే తియ్యి. ఇంత పైలంగ పోయే బండి నా జిందగీల దొరకలే" అన్నాడు.

నవ్వుతూ అన్నాడు కానీ పని నవ్వులాటగా చేయలేదు. పొద్దున్నే వచ్చి జీపు అద్దం తుడిచే పాత బట్టతోనే రెయిలింగులు తుడిచేవాడు. ఖాకీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, ఇనుప కుర్చీలో స్టీరింగు ముందు కూర్చునేవాడు. లాగ్‌బుక్కులో బయలుదేరిన చోటు మల్లెవాగు, చేరిన చోటు మల్లెవాగు అని రాసేవాడు. దాటుతున్న బస్సులోంచి ఆడవాళ్లు, "ఓదెలన్నా, జర మెల్లగ నడుపు, కడుపుల తిప్పుతున్నది" అని ఎగతాళి చేస్తే, "కూసోని పట్టుకోండ్రి, ముందు మూలమలుపుంది" అనేవాడు. పంద్రాగస్టు నాడు ఆయనకు ఉత్తమ డ్రైవరు అవార్డు ఇచ్చారు. చుక్క డీజిల్ వాడకుండా, ఎవరికీ గీత పడకుండా బండి నడిపినందుకు.

తర్వాత పెద్ద వానలు పట్టుకున్నాయి.

ఒకరోజు కాకా ఆఫీసుకు వచ్చాడు. చొక్కా తడిసి ఉంది.

"బిడ్డా, స్టీరింగ్ వణుకుతున్నది."

ఆ స్టీరింగు దేనికీ కలిసి లేదు. పైపుకు అతికించి ఉంది, అంతే. అయినా రెండు టిప్పర్లు ఒక్కసారి ఎక్కితే ఆయన చేతుల్లో చలిజ్వరం వచ్చినట్టు ఊగుతోందట. కింద బోల్టుల దగ్గర నెర్రెల్లో చెయ్యి దూరుతోందట. నేను రిపోర్టు టైపు చేసి మురహరిరావు గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"స్టీరింగ్ వణికితే వీల్ అలైన్‌మెంట్ చేయించండి" అని రాశారు.

చేయించాం. ఇద్దరు మెకానిక్కులు పడవలో పోయి, గాలిలో వేలాడుతున్న చక్రాలను ఒక వరుసకు తెచ్చారు. మర్నాడు స్టీరింగు ఇంకా ఎక్కువ వణికింది.

నాకు తెలిసిన పని ఒక్కటే, నియమాలు వెతకడం. వెతికాను. మా శాఖ డ్రైవర్లకు ఇచ్చే కార్డు మీదే ఉంది: వాహనం ప్రయాణానికి తగినట్టు లేదని తోస్తే డ్రైవరు దాన్ని నిలిపివేసి, ముందూ వెనకా హెచ్చరిక గుర్తులు పెట్టి, పై అధికారికి తెలపాలి. దాన్ని కాకాకు చదివి వినిపించాను.

"గిది నాకు వర్తిస్తదా?"

"వర్తిస్తది కాకా. బండికి నంబరుంది. నీకు ఆర్డరుంది."

కాకా కార్డును అటూ ఇటూ తిప్పాడు. "బ్రేక్‌డౌన్ అని ఒక్కపారి రాస్తే సర్వీసుల మచ్చ వడ్డట్టే బిడ్డా. ఇంక ఎన్ని దినాలుంది నాకు? కండ్లు మూసుకుంటే ఒడ్డెక్కుత."

"మరి?"

"మరేంది. కండ్లు మూసుకునే డ్రైవర్‌ను కాను గద, గదే లొల్లి."

రెండు రోజుల తర్వాత, వీల్ అలైన్‌మెంట్ సర్టిఫికెట్ వంతెనకు అతికించి రమ్మని మురహరిరావు గారు నన్ను పంపారు. సాయంత్రం ఎడ్లవాడ బస్సులో బయలుదేరాను. బస్సు నిండా బడి నుంచి ఇళ్లకు పోయే పిల్లలు. ముందు సీట్లో లచ్చవ్వ, ఒళ్లో కూరగాయల సంచి. మల్లెవాగు దగ్గర బస్సు ఆగింది.

వంతెన మొదట్లో రోడ్డుకు అడ్డంగా పెద్ద పెద్ద రాళ్లు, రాళ్ల మీద పచ్చి వేపకొమ్మలు. అవతలి ఒడ్డున కూడా అంతే. లారీ చెడిపోతే డ్రైవర్లు ముందూ వెనకా ఎలా పెడతారో అలాగే. అవతల నిండు టిప్పర్లు రెండు హారన్లు మోగిస్తున్నాయి. ఇవతల ఓదెలు కాకా ఇంకో కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. కింద వాగు ఎర్రగా, ఇరుసులను తాకుతూ పోతోంది.

లచ్చవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఓదెలన్నా! ఏంది గీ కొమ్మలు? బోనాలా?"

"బండి చెడిపోయింది లచ్చవ్వా."

"బిర్జి చెడిపోవుడేందే! సర్కారోళ్లతోని తిరిగి నీకు గూడ సోకింది. తియ్యి, పోరగాండ్లు ఆకలిమీదున్నరు."

"తియ్య."

"ఏందీ?"

"తియ్య అన్న. కావాల్నంటే నా మీదికెల్లి పోనియ్యి బస్సును."

ఎగతాళికి ఎగతాళి చెప్పే మనిషి అలా అనేసరికి లచ్చవ్వ తల లోపలికి తీసుకుంది. నేను దిగాను. కాకా జేబులోంచి బ్రేక్‌డౌన్ రిపోర్టు తీసి నాకిచ్చాడు. సంతకం చేసి, టైము వేసి ఉంది.

అంతలో వెనక కేశన్న కారు, దాని వెనక మురహరిరావు గారి కొత్త జీపు వచ్చి ఆగాయి. కేశన్న ఫోన్ చేసి పిలిపించాడు.

"సార్, డెబ్బై టన్నులకు మీరే పర్మిషన్ ఇచ్చిన్రు. ఈ ముసలాయన చెట్టుకొమ్మ వెట్టి బంద్ జేసిండు. అవతల నా బండ్లు నానుతున్నయి" అన్నాడు కేశన్న.

మురహరిరావు గారు గొడుగు కింద నుంచే అడిగారు. "ఓదెలూ, బ్రేక్‌డౌన్ అని నిర్ధారించే అధికారం ఎవరిది?"

"మెకానిక్‌ది సార్."

"వంతెనకు మెకానిక్ ఉన్నాడా?"

"లేడు సార్."

"పోస్టు మంజూరు కాలేదు. మంజూరయ్యే వరకు వాహనం కండిషన్‌లో ఉన్నట్టే భావించాలి. కొమ్మలు తీసెయ్."

"సార్, వెల్డింగ్ ఊడి స్టీరింగ్ సుట్టు తిరుగుతున్నది."

"అలైన్‌మెంట్ సర్టిఫికెట్ ఈమె చేతిలోనే ఉంది."

ఉంది. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

కాకా నా వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు. "రాసియ్యుర్రి సార్" అన్నాడు. "బండి మంచిగుంది, ఎక్కియ్యి అని మీరు రాసియ్యుర్రి. కొమ్మ నేనే తీస్త, మీ జీపును ముందుగాల పోనిస్త."

"రాసివ్వడానికి నాకేం భయం?" అన్నారు మురహరిరావు గారు. పెన్ను తీశారు. లెటర్‌హెడ్ జీపు బానెట్ మీద పెట్టారు. ‘పైన ఉదహరించిన విషయమై’ వరకు రాసి ఆగారు. "ఫైలు నంబరు ఎంతమ్మా?"

నేను చెబుతున్నాను. మధ్యలో కింద నుంచి ఒక చప్పుడు వినిపించింది. మొదట ఒక ఇరుసు పడింది, దానికి కట్టిన నిమ్మకాయతో సహా. వెంటనే రెండోది. బోల్టులతో పాటు దూలం ముక్క ఊడి వచ్చింది. మూడోది పడుతుండగా వంతెన నడుము వంగింది. మిగిలినవన్నీ ఒక్కసారే పోయాయి. వాటి వెంట నంబరు ప్లేటు, హారన్, జీపు స్టీరింగు, ఇనుప కుర్చీ, ‘దూరం పాటించండి’ అన్నీ వాగులోకి పోయాయి. వాహనంగా అది చేసిన మొదటి ప్రయాణం అదే.

వంతెన మీద అప్పుడు ఎవరూ లేరు. రాళ్లు, వేపకొమ్మలు మాత్రం ఒడ్డు మీద ఉన్నాయి.

అవతలి హారన్లు ఆగిపోయాయి. బస్సులో ఒక చిన్నపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. లచ్చవ్వ సంచి వదిలేసి దిగి వచ్చి కాకా ముందు నిలబడింది.

"ఓదెలన్నా, గా కొమ్మ కింద వెట్టు. ఇంక ఆపేదేం లేదు."

"బండి పోయింది లచ్చవ్వా" అన్నాడు కాకా. "కోడిని గూడ తొక్కలే నేను."

లచ్చవ్వ ఆయన చేతిలోంచి కొమ్మ తీసుకుంది. తీసుకుని పారేయలేదు. బస్సు దాకా తీసుకుపోయి దాని ముందు అద్దం దగ్గర పెట్టింది. మురహరిరావు గారు సగం రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

విచారణ పద్ధతి ప్రకారమే జరిగింది. వాహనం ప్రమాదానికి గురైనప్పుడు మొదట బాధ్యుడు డ్రైవరు. ప్రమాద సమయంలో డ్రైవరు సీటులో ఎందుకు లేడు అన్నది మొదటి ప్రశ్న. సీటులో ఉంటే వాగులో ఉండేవాడు అని నేను సాక్ష్యం చెప్పాను. ఊహాగానం అని కొట్టేశారు. హ్యాండ్‌బ్రేక్ వేశాడా అన్నది రెండో ప్రశ్న. ఆయన ఆపకపోయి ఉంటే బస్సుతో సహా పిల్లలంతా పోయేవారు కదా అని లచ్చవ్వ నిలదీసింది. దానికి విచారణాధికారి చాలా మర్యాదగా జవాబిచ్చారు. "ఎవరూ చనిపోలేదు కదమ్మా. ఎవరూ చనిపోనప్పుడు ఫలానా వారిని కాపాడాడు అనడానికి రికార్డు ఎక్కడిది? పోయింది మాత్రం రికార్డులో ఉంది. ఒక వంతెన, ఎనిమిది ఇరుసులు."

నిర్లక్ష్యంగా వంతెన నడిపి వాగులోకి పోనిచ్చినందుకు కొంకటి ఓదెలును సస్పెండు చేశారు. లైసెన్సు రద్దయింది. సస్పెన్షన్‌లో ఉండగానే రిటైరయ్యాడు. పింఛను ‘పరిశీలనలో ఉంది’. ఆ ఫైలు నా టేబుల్ మీదికి వచ్చిన ప్రతిసారీ నాకు తెలిసిన నియమాలన్నీ జోడించి పైకి పంపుతున్నాను. ఇంకా ఇరుసులు చాలవని అది కిందికి వస్తోంది. మురహరిరావు గారికి పదోన్నతి వచ్చింది. ఎనిమిది చాలకపోవడం వల్లే వంతెన కూలిందని ఆయన నివేదిక. కొత్త వంతెనకు పన్నెండు ప్రతిపాదించారు.

బస్సు ఇప్పుడు చుట్టూ తిరిగి పోతుంది. కాకా ఎడ్లవాడలోనే ఉంటాడు. బడిపిల్లల వ్యాను వేరెవరో నడుపుతున్నారు. పొద్దున అది బయలుదేరేటప్పుడు కాకా వచ్చి, పాత బట్టతో దాని ముందు అద్దం తుడిచి పోతాడట. లచ్చవ్వ చెప్పింది.

చదివినవారికి నా మనవి ఒక్కటే. ఆయన ఫైలు ఎప్పుడు తేలుతుందో నాకు తెలియదు. మీ చేతిలో ఆ ఫైలు లేదు, మీరు చేయగలిగింది చిన్నదే. ఎక్కడైనా రోడ్డు మీద పోతుంటే ముందు రాయి మీద పెట్టిన పచ్చికొమ్మ కనబడుతుంది. ఎవడో బండి చెడగొట్టుకుని దారికి అడ్డం పెట్టాడని విసుక్కోకండి. బండి వేగం తగ్గించండి. తగ్గించినంతసేపు కొంకటి ఓదెలు అనే ఒక డ్రైవరును తలచుకోండి. ఆయన కోడిని కూడా తొక్కలేదు.